కట్టడం నుంచి తాకడం వరకు: తెలుగునాట బొమ్మల అలంకరణ క్రీడ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మహాభారతం విరాటపర్వంలో కౌరవసేన గోవులను పట్టుకొన్నదని తెలిసి ఉత్తరకుమారుడు యుద్ధానికి సిద్ధమవుతాడు. బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు అతనికి సారథి. రథం కదలబోయే వేళ రాకుమారి ఉత్తర ఒక కోరిక కోరుతుంది. గెలిచి వచ్చేటప్పుడు కౌరవవీరుల రంగురంగుల మేలివస్త్రాలు తన బొమ్మల కోసం తెచ్చిపెట్టమంటుంది. అర్జునుడు ఆ మాట మరువడు. సమ్మోహనాస్త్ర ప్రభావంతో శత్రువులు నిశ్చేష్టులై ఉండగా ద్రోణకృపుల తెల్లని వస్త్రాలు, కర్ణుని పసుపుపచ్చని వస్త్రం, అశ్వత్థామ దుర్యోధనుల నీలివస్త్రాలు తెమ్మని ఉత్తరకుమారుణ్ణి పంపుతాడు. సంస్కృతభారతంలోని ఈ కథ 13వ శతాబ్దిలో తిక్కన రచనతో తెలుగువారి కథ అయింది.

ఈ ఘట్టాన్ని హాస్యానికో, అర్జునుని వాత్సల్యానికో ఉదాహరణగా చెప్పడం పరిపాటి. దాని తరువాతి కథను దీనితో కలిపి చూసినప్పుడు మరొక విషయం తెలుస్తుంది. విరాటపర్వం ఉత్తరాభిమన్యుల వివాహంతో ముగుస్తుంది. బొమ్మలకు గుడ్డలు అడిగిన బాలిక అదే పర్వం చివర పెళ్లికూతురవుతుంది. బొమ్మకు వస్త్రం కట్టే వయసుకూ, తానే పెళ్లిచీర కట్టుకునే వయసుకూ మధ్య దూరం కథలో కొద్ది రోజులు మాత్రమే. తెలుగునాట బొమ్మల అలంకరణ క్రీడ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ దూరమే కొలమానం.

బొమ్మను అలంకరించే ఆటలో తరతరాలుగా వచ్చిన మార్పును మూడు ప్రశ్నల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బొమ్మ వస్త్రం ఎక్కడి నుంచి వచ్చింది? దానిని బొమ్మకు చేర్చిన చేయి చేసిన పని ఏమిటి? ఆ అలంకరణ ఏ సందర్భం కోసం జరిగింది? రెండవ ప్రశ్నకు తెలుగు క్రియాపదాలలోనే సమాధానం ఉంది. బొమ్మకు చీర కట్టారు. తరువాత గౌను కుట్టారు. ఆ తరువాత కొన్న దుస్తులు తొడిగారు. ఇప్పుడు తెరను తాకుతున్నారు. ఈ నాలుగు క్రియలూ నాలుగు దశలను సూచిస్తాయి. అయితే ఒక దశ పూర్తిగా ముగిశాక మరొకటి మొదలు కాలేదు. ఒకే ఇంట్లో అమ్మమ్మ, తల్లి, మనుమరాలు వేర్వేరు దశలకు చెందినవారుగా కలిసి జీవించిన సందర్భాలు సర్వసాధారణం.

పదాలలో, కావ్యాలలో బొమ్మ

సంస్కృతంలో బొమ్మకు ఉన్న పేర్లలో పుత్రిక, దుహితృక, పాంచాలిక ముఖ్యమైనవి. మొదటి రెండింటికీ మూలార్థం కూతురనే. ఆడుకునే బాలిక తల్లి, ఆమె చేతిలోని బొమ్మ కూతురు అన్న భావన ఈ పదాలలోనే ఇమిడి ఉంది. వాత్స్యాయనుని కామసూత్రాలు కన్యతో పరిచయం పెంచుకునే ఉపాయాలను చెప్పేటప్పుడు బొమ్మలాటలను పేర్కొన్నాయి. అంటే బొమ్మలతో ఆడే ఈడూ, వరుడు చూసే ఈడూ ఒకటేనని ఆ శాస్త్రకారుని దృష్టి.

తెలుగు కావ్యాలలో ఈ క్రీడకు ప్రసిద్ధమైన ఆధారం పోతన భాగవతం దశమస్కంధంలోని రుక్మిణి బాల్యవర్ణన. రుక్మిణి ఈడు చెలులతో కలిసి బొమ్మల పెళ్లిళ్లు చేస్తుంది, వియ్యమందుతుంది, గుజ్జనగూళ్లు వండించి పెడుతుంది. ఇక్కడ ‘వియ్యం’ అన్న మాట గమనార్హం. బొమ్మల పెళ్లి ఒక పిల్ల ఒంటరిగా ఆడుకునే ఆట కాదు. ఒకరు ఆడపెళ్లివారు, మరొకరు మగపెళ్లివారు కావాలి. బొమ్మకు కట్టిన చీరను మెచ్చుకోవడానికో, తప్పుపట్టడానికో ఎదుటిపక్షం ఉండాలి. పోతన వర్ణించిన ఈ పిల్ల కూడా కొద్ది పద్యాల తరువాత వివాహకథానాయిక అవుతుంది. ఉత్తర విషయంలో కనిపించిన క్రమమే ఇక్కడా పునరావృతమైంది. ఆడపిల్ల బాల్యాన్ని చెప్పదలచిన కవి బొమ్మలాటను ఆశ్రయించడం, ఆ బొమ్మలాటను వివాహానికి ప్రస్తావనగా నిలపడం కావ్యసంప్రదాయంలో భాగమైంది.

రెండు రకాల బొమ్మలు

తెలుగునాట బొమ్మల చరిత్ర అనగానే కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక పేర్లు వినిపిస్తాయి. కొండపల్లి బొమ్మలను తేలికైన తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు యంత్రంపై నునుపు చేసి లక్కరంగులు పట్టిస్తారు. పిల్లల గుజ్జనగూళ్లకు వాడిన లక్కపిడతలు ఈ పనితనానికి చెందినవే. ఈ కళలకు భౌగోళిక గుర్తింపు లభించింది. వీటిపై పరిశోధన జరిగింది. మ్యూజియాలలో వీటికి స్థానం ఉంది.

అలంకరణ క్రీడ దృష్టితో చూస్తే ఈ బొమ్మలకు ఒక పరిమితి ఉంది. కొండపల్లి పల్లెపడుచు చీర ఆమె శరీరంతోపాటే చెక్కబడింది, రంగుతోపాటే ముగిసింది. ఆ చీరను విప్పడానికి, మార్చడానికి వీలులేదు. బాలిక దానిని చూడగలదు, వరుసలో నిలపగలదు. దానికి వస్త్రం కట్టే అవసరం రాదు. అలంకరణ క్రీడకు కావలసింది అసంపూర్ణమైన బొమ్మ. వస్త్రం లేనిదే నిండుతనం రాని బొమ్మ మాత్రమే బాలిక చేతికి పని కల్పిస్తుంది.

అటువంటి అసంపూర్ణమైన బొమ్మలు మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది గుడ్డబొమ్మ. పాతచీర పేలికను ఉండగా చుట్టి, మరొక గుడ్డతో కప్పి, మెడ దగ్గర దారంతో బిగిస్తే తల ఏర్పడుతుంది. మిగిలిన గుడ్డను పొడవుగా చుట్టి శరీరంగా, అడ్డంగా మరొక చుట్టను కట్టి చేతులుగా మలుస్తారు. కాటుకతో కళ్లు, కుంకుమతో నోరు, నల్లదారంతో జడ. రెండవది తాటాకు బొమ్మ. లేత తాటాకును మడిచి, చీల్చి పెళ్లికూతురు, పెళ్లికొడుకు బొమ్మలను చేసి రంగుకాగితాలో గుడ్డముక్కలో చుట్టడం కోస్తా పల్లెలలో వేసవి సెలవుల ఆట. మూడవది కొయ్య దంపతులు. తమిళులు మరప్పాచ్చి అనీ, కన్నడిగులు పట్టద గొంబె అనీ పిలిచే ఈ జంటబొమ్మల సంప్రదాయం తిరుపతి పరిసరాలలో, రాయలసీమలో రక్తచందనపు బొమ్మలుగా ప్రసిద్ధం. శేషాచలం కొండలు రక్తచందనానికి సహజ నిలయం కావడం వల్ల ఆ ప్రాంతపు శిల్పులకు ఈ కొయ్య అందుబాటులో ఉండేది. ఈ జంటను కూతురికి పెళ్లిలో ఇవ్వడం, ఏటా కొలువులో కొత్తబట్టలు కట్టి నిలపడం దక్షిణాదిన అనేక కుటుంబాల ఆచారం.

ఈ మూడింటిలో కొయ్య దంపతులు తరాలు దాటి నిలిచాయి. గుడ్డబొమ్మ, తాటాకు బొమ్మ నిలువలేదు. తాటాకు ఎండి విరిగిపోయింది. గుడ్డబొమ్మ విప్పితే మళ్లీ మసిగుడ్డ అయింది. ఎక్కువమంది పిల్లలు ఆడిన బొమ్మలకే తక్కువ ఆధారాలు మిగలడం ఈ చరిత్రలోని ప్రధానమైన చిక్కు. పట్టుముక్క, జరీ అంచు దొరికిన ఇళ్ల ఆటలు కావ్యాలకు, జ్ఞాపకాలకు ఎక్కాయి. కూలికి వెళ్లే తల్లి చిరిగిన చీరకొంగుతో ఆడిన పిల్ల ఆట అంతగా నమోదు కాలేదు. అందువల్ల లభించే ఆధారాలన్నీ ఎక్కువగా ఉన్నతవర్ణాల, కలిగిన కుటుంబాల ఆటలవన్న స్పృహతోనే వాటిని చదవవలసి ఉంటుంది.

కట్టడం: బొమ్మల పెళ్లి

తొలిదశలో బొమ్మ వస్త్రం ఇంట్లోనే పుట్టింది. అమ్మ పాతచీర అంచు, రవికకు కత్తిరించగా మిగిలిన ముక్క, నాన్న ఉత్తరీయపు చినిగిన కొస బొమ్మల బీరువా నింపేవి. వీటికి వెల లేదు; కానీ వాటిని సంపాదించడానికి తల్లినో నాయనమ్మనో బతిమాలవలసి వచ్చేది. బొమ్మకు కట్టిన చీర చూసి అది ఎవరి చీరో ఇంటిల్లిపాదీ గుర్తుపట్టగలిగేవారు. బొమ్మ వస్త్రంలో కుటుంబపు జ్ఞాపకం ఉండేదనడానికి ఇది కారణం.

ఆ వస్త్రం కుట్టని వస్త్రం కావడం మరొక విశేషం. చీర, పంచె, ఉత్తరీయం మూడూ కట్టుతోనే రూపం పొందుతాయి. కుచ్చిళ్లు పెట్టడం, పైట సర్దడం, పంచెకు గోచి దోపడం అన్నవి బొమ్మ ఒంటిపై అభ్యసించిన పిల్ల ఆ తరువాత తన ఒంటిపై అదే పని చేసేది. సూది అవసరం లేనందున నాలుగైదేళ్ల పిల్ల సైతం ఈ ఆటలో పాల్గొనగలిగింది.

అలంకరణకు సందర్భం పెళ్లి. పెళ్లిచూపులు, లగ్నం పెట్టడం, పసుపుదారంతో తాళి, బియ్యపు గింజలతో తలంబ్రాలు, బెల్లంముక్కలతో విందు, చివర అప్పగింతలు వరుసగా జరిగేవి. వియ్యపురాలి అలకలు, లాంఛనాల మీద తగాదాలు సైతం ఆటలో భాగం. పెద్దలు మాట్లాడుకునే మాటలను పిల్లలు ఉన్నవి ఉన్నట్లు అనుకరించేవారు. వధువు బొమ్మ పెళ్లి తరువాత మగపెళ్లివారి ఇంటికి, అంటే పక్కింటి పిల్ల దగ్గరికి, వెళ్లిపోయేది. చేజేతులా అలంకరించిన బొమ్మను మరొకరికి అప్పగించడం ఈ ఆటకు ముగింపు. ఆ దుఃఖం ఆటలో పొందిన దుఃఖమే అయినా, ఆడపిల్లకు సమాజం ఇచ్చిన తొలి పాఠం అందులో ఉంది.

మగపిల్లలు పెళ్లికొడుకు పక్షాన ఉండేవారు, పల్లకీ మోసేవారు, మేళం వాయించేవారు. బొమ్మకు చీర కట్టడం మాత్రం వారి పనిగా లెక్కకు రాలేదు. ఆటలోని శ్రమవిభజన ఇంటిలోని శ్రమవిభజనకు ప్రతిబింబం.

ఆట ముగిసిన వయసు

ఈ క్రీడను గృహస్థధర్మానికి శిక్షణగా మెచ్చుకున్నవారు అనేకులు. ఆ మెప్పుదల వెనుక ఉన్న వాస్తవాన్ని గురజాడ అప్పారావు లెక్కలతో చూపించాడు. 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైన కన్యాశుల్కం నాటకపు తొలి కూర్పుకు ఆయన రాసిన ఆంగ్లపీఠికలో, విజయనగరం మహారాజు చొరవతో విశాఖపట్నం మండలంలో సేకరించిన బ్రాహ్మణ శుల్కవివాహాల వివరాలు ఉన్నాయి. మూడేళ్ల కాలంలో లెక్కకు వచ్చిన వివాహాలు 1,034. వాటిలో ఐదేళ్ల పిల్లల పెళ్లిళ్లు 99, నాలుగేళ్ల వారివి 44, మూడేళ్ల వారివి 36, రెండేళ్ల వారివి 6, ఏడాది పిల్లలవి 3. అంటే ఐదేళ్లు, అంతకు లోపు వయసున్న వధువులే 188 మంది. నూటికి పద్దెనిమిది మంది.

గుడ్డబొమ్మకు చీర కట్టడం కూడా చేతకాని వయసులో ఈ పిల్లలకు పెళ్లిచీర చుట్టారు. బొమ్మల పెళ్లి భవిష్యత్తుకు శిక్షణ అన్న వాదం ఈ అంకెల ముందు నిలవదు. శిక్షణకు వ్యవధి కావాలి. ఇక్కడ ఆ వ్యవధి లేదు. చాలా ఇళ్లలో ఆట, అసలు పక్కపక్కనే నడిచాయి. తనను అలంకరించి, పీటలపై కూర్చోబెట్టి, అప్పగించి, వెల కట్టినప్పుడు బాలిక తాను నిన్నటి వరకు ఆడిన ఆటలో బొమ్మ స్థానంలోకి మారింది. గురజాడ తన గేయకథకు ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ అని పేరుపెట్టడంలోని వ్యథ ఇదే. ముద్దుమాటగా వాడే ‘బంగారు బొమ్మ’ వంటి పలుకుబడి వృద్ధవరునికి అప్పగింపబడిన బాలిక కథలో నేరారోపణగా మారింది.

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల ప్రారంభించడం, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడం ఈ నేపథ్యంలోనివి. చట్టం ఆలస్యంగా కదిలింది. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైన శారదా చట్టం బాలికల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1949లో అది 15 ఏళ్లకు, 1978లో 18 ఏళ్లకు పెరిగింది. చట్టం అమలు అంతటా ఒకేలా లేకపోయినా, బొమ్మలాట వయసుకూ పెళ్లి వయసుకూ మధ్య ఒక ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీని బడి నింపింది. బొమ్మల పెళ్లి నిజమైన పెళ్లికి దూరమైన తరువాతనే అది కేవలం ఆట కాగలిగింది. బొమ్మల పెళ్లిని ఆనందంగా తలచుకునే తరాలకు ఆ ఆనందం దక్కడానికి కారణం సంస్కరణోద్యమమే అన్నది ఈ పరిశీలనలో తేలే ముఖ్యాంశం.

కుట్టడం: బడి, కుట్టుమిషను, గౌను

బాలికల పాఠశాలలు చదువుతోపాటు కుట్టుపనిని నేర్పాయి. కుట్టుమిషను పట్టణాల దర్జీల దగ్గరికి, ఆ తరువాత మధ్యతరగతి ఇళ్లకు చేరింది. దీనితో బొమ్మ వస్త్రధారణలో కట్టు స్థానాన్ని కుట్టు కొంతవరకు ఆక్రమించింది. పిల్లల ఒంటిమీదికి గౌను వచ్చినట్లే బొమ్మ ఒంటిమీదికీ వచ్చింది. గౌను కుట్టాలంటే కొలత తీసుకోవాలి, కత్తిరించాలి, టాకా వేయాలి. చీర విప్పితే మళ్లీ గుడ్డముక్క; గౌను ఒక బొమ్మ కొలతకే పనికివస్తుంది. బొమ్మకు తనదైన దుస్తుల మూట ఏర్పడింది. దర్జీ అంగడి ముందు రాలిపడిన రంగుముక్కలను ఏరుకోవడం ఈ తరం పిల్లలకు కొత్త సంపాదన మార్గం.

ఇదే కాలంలో బొమ్మ శరీరం కూడా మారింది. జర్మనీ పింగాణీ బొమ్మలు, రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలంలో జపాన్ సెల్యులాయిడ్ బొమ్మలు భారతీయ నగరాల దుకాణాలకు చేరాయి. స్వాతంత్ర్యానంతరం ప్లాస్టిక్ బొమ్మలు తిరునాళ్లలో, జాతరలలో దొరికాయి. గులాబీరంగు చర్మం, పడుకోబెడితే మూసుకునే కళ్లు ఉన్న ఈ బొమ్మలలో ఎక్కువ భాగం పసిపాపలు. వాటితో ఆడే పిల్ల పాత్ర వియ్యపురాలి నుంచి తల్లికి మారింది. పెళ్లి స్థానంలో స్నానం చేయించడం, పాలు పట్టడం, నిద్రపుచ్చడం వచ్చాయి. దుహితృక అన్న ప్రాచీనపదం చెప్పిన తల్లీకూతుళ్ల సంబంధం ఒక విధంగా ఇక్కడ మళ్లీ ప్రత్యక్షమైంది.

ఇదే దశలో బొమ్మ వస్త్రానికి జాతీయతా భావం తోడైంది. వ్యంగ్యచిత్రకారుడు కె. శంకర్ పిళ్లై, హంగేరీ రాయబారి బహూకరించిన ఒక బొమ్మతో మొదలైన ఆసక్తిని పెంచుకొని, 1965లో న్యూఢిల్లీలో అంతర్జాతీయ బొమ్మల మ్యూజియాన్ని నెలకొల్పాడు. దాని అనుబంధ కార్యశాలలో భారతదేశపు వివిధ ప్రాంతాల వేషధారణతో బొమ్మలను తయారు చేశారు. హస్తకళల విక్రయశాలలలోనూ ఆయా రాష్ట్రాల దంపతుల బొమ్మలు దొరికాయి. మధ్యతరగతి ఇళ్లలో ఇవి ముందుగది అద్దాల బీరువాలోకి చేరాయి. నగలు, చీర, జడ అన్నీ ఉన్న ఈ బొమ్మను పిల్లలు ముట్టుకోకూడదు. సంక్రాంతికి కోస్తాలోను, దసరాకు ఇతర ప్రాంతాలలోను పెట్టే బొమ్మలకొలువు ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే బొమ్మను చూపు వస్తువుగా మార్చేది. బీరువా ఏడాది పొడవునా మార్చింది.

తొడగడం: కొన్న బొమ్మ, కొన్న దుస్తులు

1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మాటెల్ సంస్థ తరఫున రూత్ హ్యాండ్లర్ బార్బీని పరిచయం చేసింది. జర్మనీలో 1955లో వచ్చిన లిల్లీ బొమ్మ దీనికి మాతృక. సుమారు 29 సెంటీమీటర్ల ఎత్తున్న ఈ బొమ్మ పసిపాప కాదు, యువతి. ఆమె నలుపు తెలుపు చారల ఈతదుస్తులతో వచ్చింది; మిగిలిన దుస్తులను విడిగా కొనాలి. బొమ్మను ఒకసారి అమ్మి దుస్తులను పదేపదే అమ్మడం ఈ వ్యాపారపు కీలకం. గుడ్డబొమ్మ కాలంలో బొమ్మ, వస్త్రం రెండూ ఒకే పాతచీర నుంచి వచ్చాయి; ఇక్కడ రెండూ రెండు సరుకులు.

భారతదేశంలో బార్బీ 1980ల చివర విక్రయానికి వచ్చింది. చీరకట్టు, బొట్టు ఉన్న భారతీయ రూపాలు కూడా వెలువడ్డాయి. దుస్తులు మారినా ముఖం, శరీరపు కొలతలు పాశ్చాత్య మూసలోనే ఉండిపోయాయి. 1991 ఆర్థిక సంస్కరణలు, 2001లో దిగుమతుల పరిమాణంపై ఆంక్షల తొలగింపు తరువాత చైనాలో తయారైన చవకరకం అనుకరణలు చిన్న పట్టణాల దుకాణాల వరకూ చేరాయి. 2020లో బొమ్మలపై దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచడం, 2021 జనవరి నుంచి నాణ్యతా ప్రమాణాలను తప్పనిసరి చేయడం ఆ వెల్లువకు ప్రతిస్పందనలు.

ఈ దశలో చేతిపని తగ్గింది. అతుకుపట్టీలు, నొక్కుడు గుండీలు ఉన్న దుస్తులను తొడగడం, తీయడం మాత్రమే పిల్లల వంతు. మరోవైపు ఆట విషయం విస్తరించింది. బొమ్మ ఇప్పుడు ఎవరి వధువన్న ప్రశ్న వెనక్కి తగ్గి, ఆమె ఎక్కడికి వెళుతోంది, ఏ పని చేస్తోంది అన్న ప్రశ్నలు ముందుకు వచ్చాయి. వైద్యురాలి తెల్లకోటు, వ్యోమగామి దుస్తులు, నృత్యవేషం ఒకే బొమ్మకు సాధ్యమయ్యాయి. పెళ్లికూతురు అన్న ఒకే గమ్యం నుంచి బొమ్మ బయటపడింది. ఈ విస్తరణను తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే ఆ విడుదలకు వెల ఉంది. దానిని చెల్లించగల ఇళ్లకే అది ముందుగా చేరింది. సన్నని నడుము, తెల్లని మేను అందానికి కొలతలుగా స్థిరపడటం ఈ బొమ్మపై స్త్రీవాదులు చేసిన ప్రధాన విమర్శ. మేనిఛాయ పట్టింపు ముందునుంచే ఉన్న తెలుగు సమాజంలో ఈ విమర్శకు మరింత బలం ఉంది.

వియ్యం అన్న అంశం కూడా ఈ దశలో సడలింది. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క బొమ్మ, ఆ బొమ్మకు ఒక పెట్టె ఉన్నప్పుడు ఆట ఒంటరిగా సాగగలదు. తోటిపిల్ల వచ్చినా పోలిక ఎవరి దగ్గర ఎన్ని జతలున్నాయన్న దాని మీదికి మళ్లుతుంది.

తాకడం: తెరపై బొమ్మ

1996లో వెలువడిన ‘బార్బీ ఫ్యాషన్ డిజైనర్’ కంప్యూటర్ ఆట రెండు యుగాల నడుమ నిలిచింది. పిల్లలు తెరపై దుస్తులను రూపొందించి, ప్రత్యేకమైన గుడ్డకాగితంపై ముద్రించి, అతికించి, చేతిలోని బొమ్మకు తొడగవచ్చు. తెర వస్త్రాన్ని ఇంకా పూర్తిగా విడిచిపెట్టలేదు. ఆ తరువాత వచ్చిన అంతర్జాల అలంకరణ ఆటలు, చేతిఫోను ఆటలు ఆ చివరి సంబంధాన్ని తెంచాయి. వేలితో తాకితే చీర, మళ్లీ తాకితే గౌను. కుచ్చిళ్లు జారవు, గుడ్డ చాలకపోవడం ఉండదు, దారం చిక్కుపడదు.

దక్షిణ భారత వధువు అలంకరణ పేరుతో దొరికే ఆటలలో వడ్డాణం, జడబిళ్లలు, పట్టుచీర వరుసగా కనిపిస్తాయి. పెళ్లి తిరిగి వచ్చినట్లు తోస్తుంది. కానీ ఇక్కడ మగపెళ్లివారు లేరు, విందు లేదు, అప్పగింతలు లేవు. అలంకరణ ముగియగానే ఆట ముగుస్తుంది. పాత ఆటలో అలంకరణ ఒక క్రతువుకు సన్నాహం. ఈ ఆటలో అలంకరణే క్రతువు. కొత్త దుస్తులు అందాలంటే ప్రకటన చూడాలి లేదా డబ్బు చెల్లించాలి అన్న నియమం మాత్రం కొన్న బొమ్మ వారసత్వం.

తెరకు అనుకూలమైన అంశం కూడా ఒకటి ఉంది. గుడ్డబొమ్మ చేతపట్టిన మగపిల్లవాణ్ణి ఎగతాళి చేసే చూపులు తెర ముందు తక్కువ. రంగులను, వస్త్రాలను ఇష్టపడే పిల్లవాడు ఎవరి అనుమతీ లేకుండా ఈ ఆట ఆడగలడు. శ్రమవిభజనలోని పాతగీత ఇక్కడ కొంత చెరిగింది.

ముగింపు

నాలుగు దశలను కలిపి చూసినప్పుడు మార్పు ఒకే దిశలో సాగలేదని తెలుస్తుంది. చేతిపని, తోటిపిల్లల సాంగత్యం, వస్త్రంలోని కుటుంబ జ్ఞాపకం క్రమంగా క్షీణించాయి. బొమ్మకు, దాని ద్వారా బాలికకు, ఊహించుకోదగిన జీవితాల సంఖ్య పెరిగింది. మొదటిదానిని మాత్రమే చూసి విలపించడం, రెండవదానిని మాత్రమే చూసి సంబరపడటం రెండూ అసమగ్రం. గుడ్డబొమ్మ సృజనాత్మకతను కీర్తించేవారు ఆ బొమ్మ చుట్టూ జరిగిన పెళ్లి ఎంతమంది పిల్లల జీవితాలలో ఆటగా మిగలలేదో గుర్తుంచుకోవాలి.

ఆ గుర్తింపు గతానికే పరిమితం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. గురజాడ లెక్కించిన పసివయసు నుంచి వివాహ వయసు చాలా దూరం జరిగింది. చట్టం గీసిన గీతను ఇంకా అందరూ దాటలేదు. తెరపై వధువును అలంకరించే పదమూడేళ్ల పిల్లకూ ఆ వధువుకూ మధ్య దూరం ఇంటింటికీ వేరువేరుగా ఉంది.

పరిశోధనాపరంగా చేయవలసిన పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. చెక్కిన బొమ్మకు మ్యూజియం ఉంది, కొన్న బొమ్మకు సంస్థల పత్రాలు ఉన్నాయి. గుడ్డబొమ్మకు, తాటాకు బొమ్మకు ఉన్న ఏకైక ఆధారం వాటిని చేసిన చేతుల జ్ఞాపకం. బొమ్మ కట్టే తీరు, పెళ్లిలో పలికిన మాటలు, గుడ్డ ఎవరి చీర నుంచి వచ్చిందన్న వివరం, ఆ ఆట ఏ వయసులో ఎందుకు ఆగిపోయిందన్న విషయం కులాలవారీగా, ప్రాంతాలవారీగా వృద్ధస్త్రీల నుంచి సేకరించవలసి ఉంది. జానపద గేయాల సేకరణలో తెలుగు పరిశోధకులు చూపిన శ్రద్ధ ఈ వస్తువు వైపు మళ్లితే, కావ్యాలలో ఉత్తర, రుక్మిణి పేర్లతో మాత్రమే మిగిలిన ఆటకు సామాన్యుల ఇళ్లలోని చరిత్ర కూడా చేరుతుంది. ఆ ఆట ఆడిన చివరి తరం వృద్ధాప్యంలో ఉంది. సేకరణకు మిగిలిన వ్యవధి స్వల్పం.